ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ల వేగాన్ని పోల్చడం ఎలా?

వేదిక మీది పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. ఈరోజు నేను మీ ముందు ఒకే ఒక్క ప్రశ్న పెట్టి, దాని చుట్టూనే మాట్లాడతాను. ప్రోగ్రాం రాసుకుని నడపగలిగే చేతి కాలిక్యులేటర్లు రెండు మీ ముందు పెట్టి, వీటిలో ఏది వేగమైనదో చెప్పమని అడిగితే మీరు ముందుగా ఏం చూస్తారు? మీలో చాలామంది ప్రాసెసర్ ఎన్ని మెగాహెర్ట్జ్ అని అడుగుతారు. అడగడం సహజమే. అయితే ఆ ఒక్క అంకెతో ఈ ప్రశ్నకు జవాబు ఎందుకు దొరకదో, మరి దేనితో దొరుకుతుందో చెప్పడానికే నేను ఇక్కడికి వచ్చాను.

మన విద్యార్థుల్లో ఎక్కువమందికి ఈ రకం యంత్రాలతో పరిచయం ఉండదని నాకు తెలుసు. మన ఇంజినీరింగ్ పరీక్షల్లో ప్రోగ్రాం రాయడానికి వీలులేని సైంటిఫిక్ కాలిక్యులేటర్‌నే అనుమతిస్తారు. గేట్ పరీక్షలోనైతే తెర మీద కనిపించే వర్చువల్ కాలిక్యులేటరే గతి. అందుకని కొన్ని పేర్లు ముందుగా చెబుతాను. చేతిలో ఇమిడే మొట్టమొదటి ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ హ్యూలెట్-ప్యాకర్డ్ (హెచ్‌పీ) వారి హెచ్‌పీ-65. అది 1974లో వచ్చింది. 100 స్టెప్పుల ప్రోగ్రాం పడుతుంది, దాన్ని చిన్న అయస్కాంత కార్డు మీద దాచుకోవచ్చు, ధర 795 డాలర్లు. 1976లో హెచ్‌పీ-67, 1977లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-59, 1979లో అక్షరాలు కూడా చూపగలిగే హెచ్‌పీ-41సీ వచ్చాయి. 1985లో క్యాసియో ఎఫ్ఎక్స్-7000జీతో గ్రాఫ్ గీసే కాలిక్యులేటర్ల కాలం మొదలైంది. అక్కడినుంచి టీఐ-84 ప్లస్, హెచ్‌పీ-50జీ, హెచ్‌పీ ప్రైమ్, నమ్‌వర్క్స్ వరకు వంశం సాగింది. ఈ పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి, గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కాలిక్యులేటర్ లోపల ఒక కూడిక ఎంతసేపట్లో జరుగుతుంది? దీనికి ప్రోగ్రామబుల్ యంత్రాలకంటే రెండేళ్లు ముందు, 1972లో వచ్చిన హెచ్‌పీ-35 దగ్గరికి వెళ్లాలి. అది ప్రోగ్రామబుల్ కాదు, కానీ తర్వాత వచ్చిన హెచ్‌పీ-65కు మూలం అదే. దాని తయారీదారులు ప్రకటించిన సగటు కాలాలు నాకు ఎప్పుడు చూసినా ఆసక్తిగా ఉంటాయి. కూడికకూ తీసివేతకూ 60 మిల్లీసెకన్లు. గుణకారానికీ భాగహారానికీ 100. వర్గమూలానికి 110. లాగరిథమ్‌కూ ఘాతానికీ (ఈ టు ది పవర్ ఎక్స్) 200. ఎక్స్ టు ది పవర్ వై అనే లెక్కకు 400. సైన్, కొసైన్, టాన్‌లకు 500. చూశారా, ఆ 400 ఎక్కడినుంచి వచ్చిందో? ఒక సంఖ్యను ఇంకో ఘాతానికి పెంచాలంటే యంత్రం ముందు లాగరిథమ్ తీసి, గుణించి, తిరిగి ఘాతం తీస్తుంది. లాగరిథమ్‌కు 200, ఘాతానికి 200 కలిస్తేనే దాదాపు ఆ 400 వస్తుంది; ఇవన్నీ సగటు కాలాలు కాబట్టి మధ్యలోని గుణకారంతో లెక్క కచ్చితంగా సరిపోదు. ఈ పట్టికను కాస్త నిదానంగా చదివితే యంత్రం లోపల జరిగే పని బయటికి కనిపిస్తుంది.

ఆ యంత్రం లోపలి గడియారం, అంటే పనులన్నిటికీ తాళం వేసే సంకేతం, సెకనుకు సుమారు 2 లక్షల సార్లు కొట్టుకుంటుంది. దాని రిజిస్టర్ (ఒక సంఖ్యను పెట్టుకునే చోటు) పొడవు 56 బిట్లు, అంటే 14 అంకెలు: పది అంకెల సంఖ్య, దాని గుర్తు, రెండంకెల ఘాతం, ఆ ఘాతానికి గుర్తు. ఈ 56 బిట్లూ ఒకేసారి కదలవు, ఒకదాని వెంట ఒకటి వరుసగా కదులుతాయి. కాబట్టి ఒక్క ఆదేశానికి 56 కొట్టుళ్లు, అంటే 280 మైక్రోసెకన్లు పడతాయి. ఇప్పుడు మీరే లెక్క వేయండి. కూడికకు 60 మిల్లీసెకన్లంటే సుమారు 214 ఆదేశాలు. రెండు సంఖ్యల దశాంశ బిందువులను వరసకు తేవడం, కూడటం, ఫలితాన్ని సర్దడం, తెర మీదికి పంపడం అన్నీ కలిపి 214. సైన్‌కు దాదాపు 1,800.

సైన్ విలువ ఎలా కడతారు? జాక్ వోల్డర్ 1959లో ప్రచురించిన కార్డిక్ పద్ధతిలో కడతారు. ఈ పద్ధతికి గుణకారం చేసే సర్క్యూట్ అక్కర్లేదు. కూడిక, తీసివేత, అంకెలను పక్కకు జరపడం, ముందే దాచిపెట్టుకున్న కొన్ని స్థిరాంకాలు ఉంటే చాలు. అంత పేద యంత్రం మీద అంత గణితం నడవడానికి కారణం ఇదే. కానీ దీని నుంచి మనకు ముఖ్యమైన సంగతి ఒకటి వస్తుంది, దయచేసి గమనించండి. గుణకారం అక్కడ పదే పదే చేసే కూడిక. గుణకంలో ఒక స్థానంలో 9 ఉంటే తొమ్మిది సార్లు కూడాలి, 1 ఉంటే ఒక్కసారి చాలు. కాబట్టి అదే యంత్రం, అదే మీట. సంఖ్య మారితే కాలం మారుతుంది. అందుకే తయారీదారులు సగటు కాలాలని రాశారు. పోలిక చేసేవారు ఏ సంఖ్యలు ఇచ్చారో చెప్పకపోతే ఆ పోలికలో మొదటి లోటు అక్కడే వచ్చిపడుతుంది.

ఇంతవరకు ఒక్క మీట నొక్కినప్పుడు జరిగే పని గురించి చెప్పాను. ప్రోగ్రాం నడిచేటప్పుడు దీని మీద ఇంకో బరువు పడుతుంది. ప్రతి స్టెప్పునూ మెమరీ నుంచి తీసుకురావాలి, అది ఏ పనో గుర్తుపట్టాలి, ఆ పని చేసే చోటికి వెళ్లాలి, తిరిగి రావాలి. అన్నిటికంటే ఎక్కువ కాలం తినేది ఏదో తెలుసా? లేబుల్‌ను, అంటే ప్రోగ్రాంలో ఒక చోటికి పెట్టిన గుర్తును, వెతకడం. పాత యంత్రాల వేగంలో తేడాలు ఎక్కువగా వచ్చింది ఇక్కడేనని నా అభిప్రాయం, అందుకని దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ప్రోగ్రాంలో ‘ఫలానా లేబుల్‌కు వెళ్లు’ అని రాశారు. యంత్రానికి ఆ లేబుల్ ఎక్కడ ఉందో ఎలా తెలుస్తుంది? టీఐ-59 ప్రతిసారీ ప్రోగ్రాం మొదటి స్టెప్పు, అంటే 000 దగ్గర నుంచి వెతకడం మొదలుపెడుతుంది. పోస్ట్‌మ్యాన్ ప్రతి ఉత్తరానికీ వీధి మొదటి ఇంటి నుంచి గుమ్మం గుమ్మం చూసుకుంటూ వచ్చినట్టు ఉంటుంది ఆ పని. అందుకని టీఐ-59 ప్రోగ్రాం రాసేవారు తరచుగా పిలిచే సబ్‌రూటీన్లను (పదే పదే వాడుకునే చిన్న ప్రోగ్రాం ముక్కలను) మొట్టమొదట పెట్టేవారు. లేదా లేబుల్‌ను వదిలేసి నేరుగా స్టెప్పు సంఖ్య రాసేవారు. అప్పుడు వెతుకులాట ఉండదు. కానీ మధ్యలో ఒక్క స్టెప్పు చేర్చినా ఆ తర్వాతి సంఖ్యలన్నీ తప్పిపోతాయి, మళ్లీ అన్నీ దిద్దుకోవాలి. హెచ్‌పీ-67 ఇంకోలా చేస్తుంది. అది ఉన్న చోటు నుంచి కిందికి వెతుకుతూ పోయి, చివరికి చేరాక మళ్లీ పైనుంచి వస్తుంది. అంటే టీఐ-59లో వేగంగా నడిచే అమరిక హెచ్‌పీ-67లో నిదానంగా నడవవచ్చు. ఒకే ప్రోగ్రాంను ఒకే వరుసలో రెండింటిలో ఎక్కించి, కాలం కొలిచి, ఇది వేగం, అది నిదానం అంటే ఆ తీర్పు న్యాయమైనదేనా?

హెచ్‌పీ-41సీ వచ్చేసరికి దీనికి చక్కటి పరిష్కారం దొరికింది. ఆ యంత్రం ఒక లేబుల్‌ను మొదటిసారి వెతికి పట్టుకున్నాక, అది ఎంత దూరంలో ఉందో ఆ వెళ్లమన్న ఆదేశంలోనే రాసి పెట్టుకుంటుంది. రెండోసారి నుంచి వెతుకులాట లేదు, నేరుగా దూకడమే. అయితే ఆ దూరం రాసుకోవడానికి కొంత చోటు కావాలి. 00 నుంచి 14 వరకు ఉన్న లేబుళ్లకు వాడే చిన్న ఆదేశంలో ఒక్క బైటే దొరుకుతుంది, అందులో 112 బైట్ల దూరం వరకే పడుతుంది. లేబుల్ అంతకంటే దూరంగా ఉంటే మళ్లీ ప్రతిసారీ వెతకాల్సిందే. ఇంకో సంగతి: ప్రోగ్రాంలో ఏదైనా మార్చితే రాసుకున్న దూరాలన్నీ చెరిగిపోతాయి. కాబట్టి ఈ యంత్రంలో మొదటి పరుగు కాలం వేరు, రెండో పరుగు కాలం వేరు. మీరు కొలిచింది ఏ పరుగు? చెప్పకపోతే చదివేవారికి ఎలా తెలుస్తుంది?

ఇదంతా 1970ల నాటి ముచ్చట అనుకోకండి. టీఐ-83, టీఐ-84 కుటుంబంలోని బేసిక్ భాషలో ‘గోటూ’ రాస్తే అది కూడా ప్రోగ్రాం మొదటి నుంచే లేబుల్‌ను వెతుకుతుంది. అందుకే అక్కడ ‘ఫర్’, ‘వైల్’ లూపులు (ఒకే పనిని తిరిగి తిరిగి చేయించే ఆదేశాలు) వాడమని చెబుతారు. హెచ్‌పీ-48లోని ఆర్‌పీఎల్ భాషలో ‘గోటూ’యే లేదు, ప్రోగ్రాంను మీరు ఎక్కించినప్పుడే అది ఆదేశాల చిరునామాల వరుసగా మారిపోతుంది, నడిచేటప్పుడు మళ్లీ అక్షరాలు చదివి అర్థం చేసుకునే పని ఉండదు. భాష ఎలా కట్టారన్నది ప్రాసెసర్ ఎంత వేగమన్నదానికి ఏమాత్రం తీసిపోదు.

స్థిరాంకాల గురించి కూడా ఒక మాట. హెచ్‌పీ-41సీ ప్రోగ్రాంలో 3.14159 అని రాస్తే ఆ ఏడు గుర్తులూ ఏడు బైట్లు, యంత్రం వాటిని ఒక్కొక్కటిగా మీట నొక్కినట్టే చదివి సంఖ్యను కడుతుంది. లూపు లోపల ఇది వెయ్యి సార్లు జరిగితే ఎంత వృథా! ముందే ఒక రిజిస్టర్‌లో దాచి, లూపులో దాన్ని పిలిస్తే పని త్వరగా అవుతుంది. అలాగే వర్గం కావాలంటే ఎక్స్ టు ది పవర్ వై మీట వాడకండి, గుణించండి. ఎందుకో హెచ్‌పీ-35 పట్టికలో ఇందాకే చూశారు.

సరే, మరి ఏ ప్రోగ్రాంతో కొలవాలి? చాలామంది ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ పోయే ఖాళీ లూపు నడిపి, నిమిషంలో ఎంతవరకు లెక్కపెట్టిందో చూస్తారు. సులువైనది, అందుకే ప్రాచుర్యంలో ఉంది. కానీ అది కొలిచేది ఒక కూడిక, ఒక వెనక్కి దూకడం, అంతే. ఆ యంత్రం సైన్ ఎంత త్వరగా కడుతుందో, మెమరీని ఎంత త్వరగా పిలుస్తుందో అది చెప్పదు.

రెండో రకం పరీక్షకు మంచి ఉదాహరణ శావేజ్ పరీక్ష, 1983 నుంచి వాడుకలో ఉంది. ఒకటితో మొదలుపెట్టి, ఆ సంఖ్య వర్గానికి వర్గమూలం తీసి, దానికి లాగరిథమ్, దానికి తిరిగి ఘాతం, దానికి ఆర్క్‌టాన్ (టాన్‌కు విలోమం), దానికి టాన్ తీసి, ఒకటి కలపాలి. గణితం ప్రకారం చూస్తే ఈ ప్రమేయాలన్నీ ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి, మిగిలేది ఒకటి కలపడమే. దీన్ని 2,499 సార్లు చేస్తే ఖచ్చితంగా 2500 రావాలి. వస్తుందా? రాదు, చివరి అంకెల్లో తేడా పడుతుంది. ఆ తేడా ఎంతో చూస్తే యంత్రం ఖచ్చితత్వం తెలుస్తుంది, పట్టిన కాలం చూస్తే వేగం తెలుస్తుంది. రెండూ ఒకే పరుగులో తేలడం ఈ పరీక్షలోని అందం. వేగాన్ని ఖచ్చితత్వం నుంచి విడదీసి చూడకూడదని నేను గట్టిగా నమ్ముతాను. పది అంకెలు కట్టే యంత్రాన్నీ, 34 అంకెలు కట్టే స్విస్‌మైక్రోస్ డీఎం42నూ పక్కపక్కన పెట్టి కాలాలు మాత్రమే రాస్తే ఆ రెండో యంత్రం చేసిన అదనపు శ్రమ ఎక్కడ కనిపిస్తుంది?

నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష మూడోది, ఎనిమిది మంత్రుల సమస్య. చదరంగం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. ఎనిమిది మంత్రులను బల్ల మీద ఒకదాన్ని ఒకటి కొట్టకుండా నిలపాలి. 1848లో మాక్స్ బెజెల్ అడిగిన ప్రశ్న ఇది. మొత్తం 92 జవాబులున్నాయి. మనకు మొదటి జవాబు చాలు. మొదటి నిలువు వరుసలో మొదటి గడి నుంచి మొదలుపెట్టి, ఒక్కో మంత్రినీ నిలుపుతూ, కుదరకపోతే వెనక్కి వచ్చి పక్క గడికి జరుపుతూ పోతే, మొదట దొరికే జవాబు 1, 5, 8, 6, 3, 7, 2, 4 (ఒక్కో నిలువు వరుసలో మంత్రి నిలిచిన గడి సంఖ్య). ఆ జవాబు చేరేలోగా మంత్రిని ఒక గడిలో పెట్టి చూడటం సరిగ్గా 876 సార్లు జరుగుతుంది. ఈ 876 ఎంత విలువైనదో చూడండి. ప్రోగ్రాం చివర్లో ఈ లెక్క చూపిస్తే, అది నిజంగా ఆ పద్ధతినే నడిపిందా, దొడ్డిదారి పట్టిందా అన్నది వెంటనే తెలిసిపోతుంది. వేరు వేరు యంత్రాలకు వేరు వేరు మనుషులు వేరు వేరు భాషల్లో రాసినా, అందరూ చేసిన పని ఒక్కటేనని రుజువు చేసే సంఖ్య అది. ఇందులో సైన్ లేదు, లాగరిథమ్ లేదు. తీసివేత, పరమ విలువ, పోలిక, దూకడం, మెమరీని పరోక్షంగా పిలవడం (ఏ రిజిస్టర్ కావాలో ఇంకో రిజిస్టర్‌లోని సంఖ్య చెప్పడం) ఉంటాయి. అంటే శావేజ్ పరీక్ష చూడని పక్కను ఇది చూస్తుంది. 49 స్టెప్పులే ఉండి, మెమరీని పరోక్షంగా పిలిచే సౌకర్యం లేని హెచ్‌పీ-25 లాంటి యంత్రంలో దీన్ని ఇమడ్చడం చాలా కష్టం. అది ఈ పరీక్షకున్న పరిమితి, ఒప్పుకోవాలి.

ఇప్పుడు మొదట పక్కన పెట్టిన మెగాహెర్ట్జ్ సంగతి చూద్దాం. 1999లో వచ్చిన హెచ్‌పీ-49జీ ప్రాసెసర్ హెచ్‌పీ వారి సొంత శాటర్న్ కుటుంబానిది, 4 మెగాహెర్ట్జ్. 2003లో వచ్చిన హెచ్‌పీ-49జీ ప్లస్‌లో, ఆ తర్వాత హెచ్‌పీ-50జీలో ఆర్మ్ ప్రాసెసర్ పెట్టారు, 75 మెగాహెర్ట్జ్. 75ను 4తో భాగిస్తే దాదాపు 19. మరి కొత్త యంత్రం 19 రెట్లు వేగంగా నడిచిందా? నడవలేదు. కారణం ఏమిటంటే, పాత సాఫ్ట్‌వేర్ అంతా శాటర్న్ కోసం రాసింది కాబట్టి, కొత్త ఆర్మ్ ప్రాసెసర్ తన కాలంలో ఎక్కువ భాగం శాటర్న్‌ను అనుకరించడానికే ఖర్చుపెట్టింది. అదే హెచ్‌పీ-50జీలో సీ భాషలో రాసి నేరుగా ఆర్మ్ మీద నడిపితే అది పూర్తిగా వేరే యంత్రంలా పరుగెత్తుతుంది. ఒకే పెట్టె, ఒకే ప్రాసెసర్, ఒకే గడియారం. భాష మారితే వేగం ఎన్నో రెట్లు మారుతుంది. టీఐ-84 ప్లస్ సీఈ పైథాన్ ఎడిషన్‌లో ఇంకో విశేషం ఉంది. బేసిక్ ప్రోగ్రాం నడిచేది 48 మెగాహెర్ట్జ్ ఈజెడ్80 ప్రాసెసర్ మీద. పైథాన్ నడవడానికి లోపల ఇంకో ప్రాసెసరే పెట్టారు. ఆ కాలిక్యులేటర్ వేగం ఎంత అని అడిగితే, ఏ భాషలో అని మీరు తిరిగి అడగాల్సిందే.

సంఖ్యలను దాచే పద్ధతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కాలిక్యులేటర్లు చాలావరకు దశాంశ పద్ధతిలో, ఒక్కో అంకెను నాలుగు బిట్లలో పెట్టి లెక్క కడతాయి. మనం 0.1 అని కొడితే లోపల 0.1 అనే ఉంటుంది. పైథాన్ నడిపే యంత్రాల్లో ఆ పైథాన్ సంఖ్యలు ద్విసంఖ్యా పద్ధతిలో ఉంటాయి, అక్కడ 0.1 అంతులేకుండా సాగే భిన్నం, కాబట్టి ఎక్కడో కత్తిరించాలి. ద్విసంఖ్యా పద్ధతి యంత్రానికి సులువు, అందుకే వేగం. దశాంశ పద్ధతి మనిషికి సులువు, దానికి కాలం చెల్లించాలి. వడ్డీ లెక్కలు, సర్వే లెక్కలు చేసేవారికి ఆ కాలం చెల్లించడం న్యాయమేనని నేనంటాను.

బ్యాటరీ మాట కూడా ఉంది. గడియారం వేగం పెంచితే సర్క్యూట్ తినే విద్యుత్ శక్తి పెరుగుతుంది, వోల్టేజీ పెంచితే దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. ఇంత ఆలోచించే ఇంజినీర్లు యంత్రాన్ని కావాలనే నిదానంగా నడిపారు. డీఎం42 బ్యాటరీ మీద ఒక వేగంతో, యూఎస్‌బీ తీగ తగిలిస్తే ఇంకా ఎక్కువ వేగంతో నడుస్తుంది. పాత హెచ్‌పీ-41లో గడియారాన్ని నడిపేది కాయిల్, కెపాసిటర్ల జత. ఆ కెపాసిటర్‌ను మార్చి వేగం పెంచుకున్న వాడకందార్లు ఉన్నారు. అలా మార్చిన యంత్రం మీద కొలిచిన కాలం మామూలు యంత్రం ఖాతాలో పడకూడదు కదా? ఇక హెచ్‌పీ-15సీ సంగతి: 1982 నాటి రూపంతోనే, అవే మీటలతో, 2011లో పరిమిత సంచికగా మళ్లీ వచ్చింది. లోపల ఆర్మ్ ప్రాసెసర్, వేగం పాతదానికి దాదాపు 100 రెట్లని చెప్పారు. పైనుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందుకని మోడల్ పేరుతో సరిపెట్టకుండా ఏ సంవత్సరానిది, ఏ రివిజన్ అన్నది కూడా రాయాలి.

మీలో ఎవరికైనా కొలిచి చూడాలనిపిస్తే, ఎలా కొలవాలో చెబుతాను. చేతి స్టాప్‌వాచ్‌తో కొలిచేటప్పుడు మొదట్లో ఒక ఐదో వంతు సెకను, చివర్లో ఇంకో ఐదో వంతు సెకను మన చెయ్యే ఆలస్యం చేస్తుంది. పరుగు కనీసం ఒక నిమిషం ఉంటే ఆ పొరపాటు ఒక శాతంలోపు ఉంటుంది. కొత్త యంత్రాలు మంత్రుల సమస్యను కన్ను మూసి తెరిచేలోగా ముగిస్తాయి, కాబట్టి వాటిలో అదే లెక్కను వంద సార్లో వెయ్యి సార్లో తిప్పి భాగించండి. నడిచేటప్పుడు తెర మీద ఏమీ చూపించవద్దు. ఎందుకంటే గ్రాఫిక్ తెర మీద రాయడం లెక్క కట్టడం కంటే ఎక్కువ కాలం తీసుకునే యంత్రాలున్నాయి. కోణాలు డిగ్రీల్లోనా, రేడియన్లలోనా అన్నది ముందే తేల్చుకోండి. బ్యాటరీలు కొత్తవి వేయండి. హెచ్‌పీ-41 లాంటివాటిలో మొదటి పరుగునూ రెండో పరుగునూ విడివిడిగా రాయండి.

ఒక ప్రశ్న మిగిలింది. అన్ని యంత్రాల్లోనూ ఒకే ప్రోగ్రాంను అచ్చంగా అలాగే నడపాలా, లేక ఒక్కో యంత్రానికి దాని స్వభావం తెలిసినవారు రాసిన మేలైన ప్రోగ్రాం నడపాలా? మొదటిది సమానత్వంలా కనిపిస్తుంది. కానీ లేబుళ్ల సంగతి చూశాం కదా, ఒక యంత్రానికి అనువైన అమరిక ఇంకోదానికి అడ్డుకట్ట అవుతుంది. పేరుకు సమానమే గానీ ఒకదానికి చేయి కట్టేసినట్టే. రెండోది యంత్రం సత్తాను చూపిస్తుంది, అయితే రాసినవారి నేర్పు కూడా అందులో కలిసిపోతుంది. నా మటుకు నేను రెండోదానివైపే మొగ్గుతాను, ఒక షరతు మీద. కాలంతోపాటు ప్రోగ్రాం మొత్తం, స్టెప్పు స్టెప్పూ, అందరికీ కనిపించేలా ఇవ్వాలి. అప్పుడు ఇంకొకరు దాన్ని తమ యంత్రంలో ఎక్కించి సరిచూడవచ్చు, ఇంకా త్వరగా నడిచేలా దిద్దవచ్చు, దిద్దినదాన్ని మళ్లీ కొలవవచ్చు. ప్రోగ్రాం లేకుండా కాలం ఒక్కటే రాసిన పట్టికను నేను నా తరగతిలో వాడను. మీలో ఎవరైనా కొలిస్తే, యంత్రం పేరు, రివిజన్, భాష, అంకెల సంఖ్య, ప్రోగ్రాం, రెండు పరుగుల కాలాలు, చివర్లో వచ్చిన 876తో సహా కాగితం మీద రాసి నాకు ఇవ్వండి. నా దగ్గరున్న యంత్రాల మీద నడిపి, వచ్చిన కాలాలు మీకు చెబుతాను.